చావుకేకకు యాస ఉండదు

పోయేటప్పుడు ఆయన చప్పుడు చేయలేదు. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళకు కూడా తెలియలేదట. నర్సు వచ్చి నాడి చూసి చెప్పాకే, అక్కడే కూర్చున్న కూతురికి తెలిసింది. ఆ పిల్ల నాకు ఫోను చేసి అన్న మొదటి మాట అదే: "అత్తా, నాయన సౌండే లేకుండా పొయ్యినాడు."

చచ్చే చప్పుడుతోనే ఇల్లు నడిపిన మనిషి ఆయన. ఒకప్పుడు మద్రాసులో తయారైన తెలుగు డబ్బింగు సినిమాల్లో కత్తిపోటుకు, తుపాకి గుండుకు, మేడ మీంచి తోసేస్తే కింద పడడానికి, విషం తాగి గిలగిలా కొట్టుకోవడానికి ఆయన్నే పిలిచేవాళ్ళు. తెరమీద చచ్చేది ఎవరైనా గొంతు ఈయనది. పేరు మాత్రం ఏ సినిమాలోనూ పడలేదు. నేనూ ఇక్కడ రాయను. బతికుండగా వేయని పేరు ఇప్పుడు నేను వేస్తే ఎవరికి లాభం?

మా ఇద్దరిదీ మద్రాసు చూలైలో ఒకే సందు. వాళ్ళ నాన్నకు రేకు డబ్బాలు అతికే చిన్న కొట్టు ఉండేది. మా తాతల తాతలు ఏ ఊరినుంచి వచ్చారో మాలో ఎవరికీ తెలియదు, తెలుగు మాత్రం వెంట వచ్చింది. ఈడ, ఆడ, పండుకో, పొయ్యినాడు అనే తెలుగు. గుమ్మం దాటితే అరవం, గుమ్మం లోపల ఇది. ఇద్దరం డబ్బింగు పనికి వెళ్ళాం, స్టూడియోలో ఈ రెండూ పనికిరావు. అక్కడ డబ్బింగు ఇన్‌చార్జి ఒకాయన ఉండేవాడు, కృష్ణా జిల్లా మనిషి. మా ఇద్దరినీ మొదటి రోజే నిలబెట్టి, "ఆ అరవ తెలుగు బయట చెప్పులతోపాటు విడిచి లోపలికి రండి" అన్నాడు.

నేను విడిచాను. వంట చేస్తూ రేడియో పెట్టుకుని, వార్తలు చదివేవాళ్ళ వెంట పలికి పలికి నాలుక వంచుకున్నాను. హీరోయిన్ల చెల్లెళ్ళకు, నర్సులకు, కోపిష్ఠి లాయరమ్మలకు గొంతిచ్చాను. డబ్బింగు పని హైదరాబాదు వెళ్ళిపోయాక, మద్రాసు శివార్లలో షోళింగనల్లూరు కంపెనీలకు ఫోను గొంతునయ్యాను. "తెలుగు కొరకు రెండు నొక్కండి" అని విని మీరు ఎప్పుడైనా విసుక్కుని ఉంటే, విసుక్కున్నది నన్నే కావచ్చు. ఇప్పుడు ఇంట్లో కూడా ఆ తెలుగే వస్తుంది. నా మొగుడు బతికున్నప్పుడు, "ఏమే, నాతో కూడా న్యూస్ చదవతావా?" అని ఎత్తిపొడిచేవాడు.

ఆ చావుకేకల మనిషి మాత్రం తన తెలుగు విడవలేదు. పంతం అనుకునేరు, కాదు. పాపం చాలా ప్రయత్నించాడు. "వెళ్తున్నాను" అనమంటే అనేవాడు, కానీ అరువు చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది. ఇన్‌చార్జి అద్దం వెనకాల పడీపడీ నవ్వేవాడు. "ఇంటికొక నాలిక, ఈడికొక నాలిక యాణ్ణించి తెచ్చేది పాపా? దేవుడిచ్చింది ఒకటే కద" అనేవాడు నాతో. నేను పెళ్ళయి పిల్లల తల్లినైనా ఆయనకు పాపనే. చివరికి మాటలు లేని పని ఇచ్చారు. "చావుకేకకు యాస ఉండదు కద, దాంట్లో నన్నెవడు పట్టుకుంటాడు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

ఆయన చావడం చూడాలి. ముందు గడియారం విప్పి నా చేతికిచ్చేవాడు. చొక్కా పైబొత్తాం తీసేవాడు. జేబులోంచి తాటి కలకండ ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవాడు. తర్వాత అద్దం వెనకున్న ఇంజనీరు వైపు తిరిగి, పెళ్ళివారిని వంటవాడు అడిగినట్టు, "ఎట్ట పోవాల సార్? కత్తా, కాల్పా?" అనేవాడు. కత్తికి ముందు ఆశ్చర్యం, తర్వాత నొప్పి. తుపాకికి ఆశ్చర్యపడే తీరిక కూడా లేదు. అన్నిట్లోకీ ఆయనకు విషం ఇష్టం. "విషంలో నిదానం ఉంటాది పాపా. అందర్నీ ఒకసారి తలుచుకోవచ్చు" అనేవాడు.

దీపావళి ముందు ఒకసారి, వాళ్ళావిడా నేనూ ఆయనా పురసవాక్కంలో చీరలకు వెళ్ళాం. సేల్స్‌మన్ ధర చెప్పాడు. ఈయన గుండె పట్టుకుని, కత్తిపోటు కేక ఒకటి పెట్టి, పరిచిన తెల్లగుడ్డ మీద ఒరిగిపోయాడు. కొట్టంతా కొయ్యబారిపోయింది. యజమాని నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఈయన ఒక కన్ను తెరిచి, "ఇప్పుడన్నా తగ్గిస్తారా?" అన్నాడు అరవంలో. వదిన చెంగు మొహాన కప్పుకుని బయటికి నడిచింది. ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మాటలు ముందు, అరుపులు ఆఖర్న. అరిస్తే గొంతు చెడుతుంది, చెడిన గొంతు మాటకు పనికిరాదు. అందుకని ఆయన వంతు ఎప్పుడూ చివరే. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చునేవాడు. నేను నా పని చూసుకుని బయటికి రాగానే ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"నాకు మాటేమన్నా ఉండాదా పాపా?"

"లేదన్నా."

"సెరి. సావే కద."

ఆ 'సెరి' నాకు ఇప్పుడు వినబడితే ఒళ్ళు మండుతుంది. ఒక్క మాట. పాలవాడి మాటో, పోస్టుమాన్ మాటో, ఏదో ఒకటి. ఆ మనిషి అడిగింది అంతే. ఎవడి సొమ్ము పోయేది?

ఆ ఒక్క మాట ఒక సినిమాలో వచ్చింది. తమిళంలో తీసిన నేరాల సినిమా, కానీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. సముద్రం పక్కన దివాలా తీసిన లాడ్జి. దాని మేనేజరు, వంటవాడు, వాచ్‌మన్ కలిసి, గదిలో దిగిన ఒక ముసలి వడ్డీ వ్యాపారిని చంపి అతని పెట్టె కాజేయాలనుకుంటారు. ముసలాయన అన్నీ సైగలతోనే అడుగుతాడు, మూగవాడని అనుకుంటారు. పాయసంలో విషం పెడతారు. మెట్ల మీంచి తోస్తారు. మొహం మీద దిండు అదుముతారు. ప్రతిసారీ పోయాడనుకుని చాపలో చుడతారు, ప్రతిసారీ చాపలోంచి మూలుగు వస్తుంది. వాళ్ళలో వాళ్ళు తిట్టుకుని మళ్ళీ మొదలుపెడతారు. చివరికి ముగ్గురూ అలిసిపోయి గోడకు చేరగిలబడి ఏడుస్తుంటే, ముసలాయన చాపలోంచి లేచి కూర్చుని, వాళ్ళను చూసి జాలిపడి ఒక మాట అంటాడు. అని, మళ్ళీ చాప కప్పుకుని తనంతట తనే పోతాడు.

తెలుగులో ఆ మూలుగులన్నీ ఈయనవే. మాట మాత్రం పేరున్న ఒక పెద్ద ఆర్టిస్టు చెప్పాలి. ఆ రోజు ఆ ఆర్టిస్టు రాలేదు. మర్నాడే సినిమా మిక్సింగుకు పోవాలి. ఇన్‌చార్జి తల పట్టుకుని, బెంచీ మీద కూర్చున్న ఈయన్ని చూసి, "నువ్వే చెప్పెయ్యవయ్యా" అన్నాడు. అప్పటికి పొద్దుటినుంచీ మూలిగి మూలిగి ఈయన గొంతు చిరిగిపోయి ఉంది. కట్టుబాటు తలకిందులైంది. అరుపులు ముందు, మాట వెనక.

కాయితం మీద ఉన్నది, "మీరంతా ఎంతో కష్టపడ్డారు. పర్వాలేదు, నేనే వెళ్ళిపోతాను. మీరు భోజనం చేసి పడుకోండి." ఈయన కాయితం వంక చూశాడు. పెదాలు కదిపి రెండు మూడు సార్లు నమిలాడు. మైకు ముందుకు వెళ్ళాక ఏమనుకున్నాడో, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతమంది కష్టపడినారే, పాపం. నేనే పోతాలే. మీరు తినేసి పండుకోండి."

అద్దం వెనక ఇంజనీరు ఇన్‌చార్జి వంక చూశాడు. తర్వాత ఇన్‌చార్జి "వన్ మోర్" అన్నాడు. ఈయన నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. ఇన్‌చార్జి నాలుగు తిట్లు తిట్టి, ఉన్నదే ఉంచేశాడు.

ఆ సినిమా తెలుగు బొమ్మ మద్రాసులో ఆడదు, ఇక్కడ దాని తమిళమే ఆడుతుంది. తన మాట తను వినాలంటే సరిహద్దు దాటాలి. ఆదివారం లోకల్ రైలెక్కి సూళ్ళూరుపేట వెళ్ళాం, ఆయనా, వదినా, నేనూ. కొత్త చొక్కా వేసుకున్నాడు. హాలు సగం నిండింది. చాపలోంచి మూలుగు వచ్చినప్పుడల్లా జనం బెంచీలు గుద్ది నవ్వారు. ఆయన తెర వైపు చూడలేదు, పక్కకి తిరిగి నవ్వే మొహాలు చూశాడు. చివరి మాట వచ్చింది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఇక ఎవడో ఒకడు వెక్కిరిస్తాడనుకున్నాను. ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది.

"రేయ్, మనోడురా!"

అంతే, ఈలలు, చప్పట్లు. వాళ్ళదీ మా తెలుగే మరి. సినిమాలో తమలాగా మాట్లాడిన మనిషిని వాళ్ళూ అదే మొదటిసారి వినడం కాబోలు. వదిన చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.  తిరుగు రైల్లో ఆయన ఊరికే జేబులోంచి కలకండ తీసి, నాకో ముక్క, వదినకో ముక్క, ఎదురు సీట్లో ఎవరో ముసలమ్మకో ముక్క పెడుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారం మళ్ళీ అదే బెంచీ. "నాకు మాటేమన్నా ఉండాదా పాపా?" లేదు. ఇంకెప్పుడూ లేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ ఇంట్లో పొద్దునా సాయంత్రం చావుకేకలే. దగ్గితే సాధన అనుకున్నాం, మూలిగితే సాధన అనుకున్నాం. సందులో పిల్లలు గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు కత్తా, విషమా?" అని పందేలు కాసేవాళ్ళు. ఆయనే మురిసిపోయాడు. "గొంతులో కొత్తగా గరగర వచ్చింది పాపా, విషానికి ఎంత బాగుండాదో" అన్నాడు. ఇన్‌చార్జి కూడా మెచ్చుకుని, వరసగా పని ఇచ్చాడు. నొప్పిని అమ్ముకుంటూ డాక్టరు దగ్గరికి పోకుండా తిరిగాడు. చివరికి కలకండ ముక్క కూడా మింగుడు పడనప్పుడు వెళ్ళాడు. క్యాన్సరని గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేశారు. మెడకు చిల్లు పెట్టి, ఊపిరి అక్కణ్ణించే అన్నారు.

అప్పటికి కూతురు ఇంకా బడికి కూడా పోవడం లేదు. ఆ పిల్లకు తెలిసిన తండ్రి మెడకు తుండుగుడ్డ చుట్టుకున్న మనిషి. చప్పట్లు కొడితే ఇటు రమ్మని, చెంబు మీద చెంచాతో కొడితే అన్నానికి రమ్మని. నవ్వితే భుజాలు ఎగిరేవి, అంతే. వదిన పోయాక ఇద్దరూ అలాగే బతికారు. పిల్ల బాగా చదువుకుని షోళింగనల్లూరులో ఉద్యోగం తెచ్చుకుని, ఆయన్ని తన ఫ్లాటుకు తీసుకుపోయింది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు ఫోను చేసింది. "అత్తా, ఆ లాడ్జి పడం ఆన్‌లైన్లో వచ్చిండాది. తెలుగులోనే. సండే ఈడికి వస్తావా? నాకి ఒక్కదాన్నే చూడాలంటే ఎట్టనో ఉండాది." మళ్ళీ తనే అంది, "నేను నాయన మాట్లాడింది ఒక్కసారి కూడా వినలేదు అత్తా. విని ఉంటాను కానీ గుర్తు లేదు. దాంట్లో ఒక మాట ఉండాదని అమ్మ చెప్తా ఉండింది."

నాకు అది ప్రాణమైన సినిమా. ఎన్నేళ్ళయిందో చూసి. పరుగున వెళ్ళాను.

మధ్యాహ్నం భోంచేసి, కర్టెన్లు లాగి, పెద్ద టీవీలో పెట్టింది. రంగులు కడిగినట్టు కొత్తగా ఉన్నాయి. లాడ్జి అదే, పాయసం అదే. మొదటి మూలుగు చాపలోంచి రాగానే నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "అది మీ నాన్నే."

ముందు నోరు తెరిచి చూసింది. రెండో మూలుగుకు నవ్వొచ్చేసింది. "అయ్యో నాయనా! ఇట్టనా చేస్తావు?" అని సోఫా మీద దొర్లింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. మెట్ల సీనుకు కూడా నవ్వాం. దిండు సీను వచ్చేసరికి ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. తెరమీద ముసలాయన దిండు కింద ఊపిరికి కొట్టుకుంటున్నాడు. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో తండ్రి అలాగే ఊపిరికి కొట్టుకోవడం చూసి వచ్చింది కదా.  ఆ రోజుల్లో ఇది ముగ్గురు తెలివితక్కువ వెధవల కథ అనుకుని నవ్వాను. ఇప్పుడు చూస్తే, ఇంతసేపూ చాపలో ఒక మనిషి మూలుగుతున్నాడు, నీకేం కావాలి నాయనా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. దీనికా మేము బెంచీలు గుద్దింది అనిపించింది.

చివరి సీను వచ్చింది. ముసలాయన చాప తీసి కూర్చున్నాడు. పిల్ల సోఫా దిగి, టీవీ ముందు నేల మీద కూర్చుంది.

"మీరంతా ఎంతో కష్టపడ్డారు. పర్వాలేదు, నేనే వెళ్ళిపోతాను. మీరు భోజనం చేసి పడుకోండి."

గుండ్రటి గొంతు. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టుంది. హైదరాబాదులో ఎవరో కుర్రవాడు ముసలి గొంతు పెట్టి చెప్పినట్టుంది. మూలుగుల ధ్యాసలో పడి, మిగతావాళ్ళ గొంతులు మారడం కూడా నేను పట్టించుకోలేదు. అప్పుడు తట్టింది. కొత్తగా విడుదల చేసేటప్పుడు మాటలన్నీ మళ్ళీ చెప్పించి ఉంటారు. మూలుగులు మాత్రం తలుపు కిర్రుమన్న చప్పుడు, గిన్నె పడ్డ చప్పుడు ఉన్న పాత టేపులో కలిసిపోయి ఉంటాయి. వాటికి మళ్ళీ ఖర్చెందుకని అలాగే వాడుకున్నారు. ఆయన చావంతా ఉంచారు, మాట ఒక్కటి పీకేశారు.

పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. "ఎంత క్లియర్‌గా ఉండాది అత్తా నాయన గొంతు. ఎంత మర్యాదగా చెప్పినాడు చూడు."

ఊరుకుని ఉండాల్సింది అని మీరు అంటారు. నాకు చేతకాలేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి గొంతును ఆ పిల్ల తండ్రిగా దాచుకుంటుందా? నా కళ్ళ ముందు?

"అది మీ నాన్న కాదమ్మా" అన్నాను. "మూలుగులు ఆయనవే. ఈ మాట వేరేవాళ్ళతో చెప్పించారు. మీ నాన్న ఇలా చెప్పలేదు."

తల ఎత్తి నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది. "మరి ఎట్ట చెప్పినాడు?"

"ఇంతమంది కష్టపడినారే పాపం, నేనే పోతాలే, మీరు తినేసి పండుకోండి, అన్నాడు."

"అట్ట కాదు. చదివినట్టు చెప్పొద్దు. నువ్వు ఆర్టిస్టువి కద అత్తా? నాయన ఎట్ట చెప్పినాడో అట్టే చెయ్యి. నువ్వు ఆడనే ఉన్నావు కద."

టీవీ ఆపేసింది. కళ్ళు మూసుకుని నా ముందు కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను. నా పనే అది, ఇంకొకరి నోట్లో గొంతు పెట్టడం. ఆ చూలై సందు నా సందే, ఆ మాటలు మా అమ్మ నాకు అన్నం పెడుతూ అన్నవే. గొంతు కిందికి దింపాను. గరగర తెచ్చాను. ఆయన 'పాపం' దగ్గర ఎంతసేపు ఆగాడో అంతసేపూ ఆగాను. కష్టపడినారే అన్నాను, పోతాలే అన్నాను, పండుకోండి అన్నాను. ఒక్క మాట కూడా మార్చలేదు.

పిల్ల కళ్ళు తెరిచింది. చాలాసేపు నన్నే చూసింది, నొప్పించకుండా ఎలా చెప్పాలా అన్నట్టు.

"మాటలు వేరే గానీ, టీవీలో ఆయన కూడా ఇట్టనే చదివినట్టు కద అత్తా చెప్పినాడు" అంది.